సవరల గోడచిత్రములును ఈజిప్టు లిపియును

తూర్పుకనుమలలో అరకులోయ మొదలుకొని ఈశాన్యముగా సాలూరు, పార్వతీపురము, సీతంపేట మీఁదుగా గుణుపురము, పర్లాకిమిడి మన్యములవఱకు సాఁగిన కొండలలో అనేకజాతులు నివసించుచున్నవి. వీరిలో గదబలలోని గుతోబు శాఖవారును, సవరలును ముండాకుటుంబమునకుఁ జెందిన భాషలు గలవారు. ఐతరేయబ్రాహ్మణము విశ్వామిత్రుని సంతతిని జెప్పుచు ఆంధ్రులను, పుండ్రులను, శబరులను ఒక్క వరుసలోఁ బేర్కొన్నది. కావున సవరలతోడి మన యిరుగుపొరుగుదనము ఇప్పటిది కాదు. ఇంతకాలము ప్రక్కనుండియు వారి యింటిగోడమీఁద నేమున్నదో మనము చక్కఁగాఁ జూచితిమా యనునది వేఱుమాట.

సవరలు ఇంటిలోపలి గోడలమీఁద వ్రాయు చిత్రములు ఇప్పుడు దేశమంతటఁ బ్రసిద్ధికెక్కినవి. వానిని ఆంగ్లమున పిక్టోగ్రాఫు లనిరి. ఆ మాటను దెనిఁగించి కొందఱు చిత్రలిపి యనుచున్నారు. లిపి యనఁగానే ఈజిప్టు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈజిప్టు వ్రాతలోను మనుష్యులు, పక్షులు, పాములు, సూర్యుఁడు కానవత్తురు, సవరగోడమీఁదను కానవత్తురు. ఇట్లు పోల్చువారి యుద్దేశము మంచిదే. అడవిలోనివారికిని అక్షరజ్ఞానము కలదని చెప్పి గౌరవింపఁగోరుదురు. కాని యీ గౌరవముచే ఆ చిత్రములకు మేలుకంటె కీడే యెక్కువ జరిగినదని నా యభిప్రాయము. ఈజిప్టు విషయమున పండితులు పదునాలుగువందల యేండ్లు ఒక పొరపాటు చేసిరి. అక్కడ అక్షరములను బొమ్మలనుకొనిరి. ఇక్కడ మనము దానినే తలక్రిందుచేసి, బొమ్మలను అక్షరము లనుచున్నారము.

ముందుగా అక్కడి సంగతి. ఈజిప్టు చిత్రాక్షరములతోఁ జెక్కిన శాసనములలో కాలము దెలిసినవానియందుఁ గడపటిది క్రీ. శ. 394 ఆగష్టు 24వ తేదిది. నైలునదిలోని ఫిలే ద్వీపమునందలి దేవాలయమున నున్నది. అటుపిమ్మట ఆ వ్రాతను జదువఁగలవారు నశించిరి. హొరాపొల్లో యను పేర నొక గ్రీకుగ్రంథము నిలిచినది. అందు గ్రద్దబొమ్మ తల్లిని దెలుపునని యున్నది. ఏలయనఁగా గ్రద్దలలో మగవి లేవఁట! చిత్రమేమన, అర్థము సరియైనదే, హేతువు మాత్రమే కల్ల. ఈజిప్టు భాషలో తల్లిని జెప్పు పదమునకుఁ గావలసిన ధ్వని ఆ పక్షిబొమ్మవలన వచ్చును. మగ గ్రద్దలతో పనిలేదు. అర్థము దొరకినదిగదా యని హేతువును విచారింపనందున, పదునేడవ శతాబ్దమున కిర్చరను జెసూటు పండితుఁడు ఒక్కొక్క బొమ్మనుండి యొక్కొక్క వేదాంతవాక్యమును దీసి పెద్దగ్రంథములు నింపెను. నిఘంటువు లేకుండ శ్లేషకు వ్యాఖ్య వ్రాయువారు మనలోను కలరు గనుక ఆయనను మిక్కిలి పరిహసింపను.

1799లో రొసెట్టా యనుచోట మూఁడువిధముల వ్రాత గల శిల దొరకెను. అది క్రీ. పూ. 196 నాఁటి టాలెమీ రాజు శాసనము. ఫ్రెంచి పండితుఁడు షాంపోలియొఁ దానిని శోధించుచు ఒక చిన్న లెక్క వేసెను. గ్రీకుపాఠమున 486 పదములుండఁగా చిత్రాక్షరపాఠమున 1,419 చిహ్నము లున్నవి. ఒక్కొక్క బొమ్మ యొక్కొక్క పదార్థమును దెలుపునదైనచో చిహ్నము లింత యెక్కువ యేల యుండును? పైగా ఆ 1,419లో వేర్వేఱుగా నున్నవి 166 మాత్రమే, తక్కినవన్నియు వానియావృత్తులే. కావున ఇవి మాటలకు బొమ్మలు కావు, మాటలలోని ధ్వనులకు గుఱుతులై యుండవలెను. 1822 సెప్టెంబరులో ఆయన దీనిని వెల్లడించెను. చుట్టుగీఁతలలో నున్న రాజుల పేళ్లు మొదట చదువఁబడినవి. తక్కినది క్రమముగా వచ్చినది.

బొమ్మ యెట్లు ధ్వనియగునో మన తెలుఁగుననే యొక యుదాహరణము కల్పింతము. కాలు అనునది పాదమునకుఁ బేరు; దహింపఁబడుట యను నర్థమున క్రియ. కాలుటను బొమ్మగాఁ జూపుట కష్టము. కాని పాదమును గీచినచో కాలు అను ధ్వని దొరకును. ఈజిప్టువారు అచ్చులను వ్రాయరు, హల్లులనే గ్రహింతురు. అట్లయినచో పాదపు బొమ్మ మనకు కకార లకారములను మాత్రమే యిచ్చును. కాలు, కల, కూలి, కోల యన్నియు దానికిందికే వచ్చును. అప్పుడు లేఖకుఁడు పదము చివర మఱియొక బొమ్మ చేర్చును. నిప్పు చేర్చెనా, కాలుట. మూసిన కన్ను చేర్చెనా, కల. కఱ్ఱ చేర్చెనా, కోల. ఈ చివరి చిహ్నము నోటఁ బలుకఁబడదు, అర్థమును నిర్ణయించి యూరకుండును. పాణినీయము చదివినవారికి ఇది క్రొత్తగాదు. ప్రత్యయమునకుఁ దగిలించిన ఇత్తు పలుకఁబడక పనిచేసి లోపించునుగదా. అది శాస్త్రమునందు చేయు పనిని ఈజిప్టు లేఖకుఁడు కంటికి కనఁబడునట్లు చేసెను. ఆ వ్రాతను ఏ దిక్కునుండి చదువవలెనో యనుటకును నియమము కలదు. బొమ్మలలోని మనుష్యులు, పక్షులు ఏవైపు మొగముంచిరో ఆ వైపునుండి మొదలిడవలెను.

ఇఁక సవరగోడ. దీనిని గూర్చి విరివిగా వ్రాసినవారిలో వెరియర్ ఎల్విను ముఖ్యుఁడు. 1940 ప్రాంతపు దశకమున ఆ కొండలలోఁ దిరిగి సేకరించిన విషయములను 1955లోఁ బెద్దగ్రంథముగాఁ బ్రకటించెను. ఇంటిలో రోగము వచ్చినను, కాన్పు సుఖముగాఁ గావలసినను, పంట పండవలసినను, చనిపోయినవారు కలలోఁ గనఁబడి తమకు నిల్లు కావలెనని యడిగినను చిత్రము వ్రాయింతురు. ఎఱ్ఱమట్టి పూసిన గోడమీఁద వరిపిండిని నీటఁ గలిపి, కొన చితుకఁగొట్టిన పుల్లతో వ్రాయుదురు. మొదట నలుచదరముగా నొక గీఁత గీయుదురు, అది యిల్లు. దానిలోపల వరుసలుగా మనుష్యులు, ఏనుఁగులు, గుఱ్ఱములు, చెట్లు, కోఁతులు, నెమళ్లు, సూర్యచంద్రులు. పరలోకమున నున్నవాఁడు ఏవి కోరునో అవి యెల్ల. తుపాకులు పట్టినవారును, సైకిళ్లును, రైలుబండ్లును, విమానములును ఎల్విను చూచిన గోడలమీఁదనే యున్నవి.

వ్రాఁత పూర్తియైన పిదప పూజారియగు కురాన్ వచ్చి, ఆ చిత్రమెదుట కూర్చుండి, ఆ దేవతను గాని మృతుని గాని పిలిచి, ఇదిగో నీ యిల్లు, ఇవిగో నీ గుఱ్ఱములు, వీరు నీ సేవకులు అని చూపును. వచ్చినవాఁడు తృప్తిపడవలెను. ఇంకొక యేనుఁగు కావలెనని యడిగెనా, అక్కడనే చేర్తురు. ఆమీఁద బలి యిచ్చి, అతఁడు దానియందు నివసింపవలెనని ప్రార్థింతురు. మన ప్రతిష్ఠావిధులలో ఆవాహన మెఱిఁగినవారికి ఇందు వింత లేదు.

ఈ చిత్రమునకు సవరలు పెట్టుకొన్న పేరు ఇడితాల్. సీతంపేటవైపు ఎడిసింగి యను పేరును వినఁబడును. ఇడితాల్ అను పదమును విడఁదీసినచో మొదటిభాగము 'ఇడ్', గీఁకుట లేక వ్రాయుట యను నర్థము గల ధాతువు. రెండవది గోడపేరునకు సమాసమున వచ్చు హ్రస్వరూపము. సవరభాషయందు నామములకు విడిగా నిలుచు నిండురూప మొకటియు, సమాసమున మాత్రమే వచ్చు ఏకాక్షరప్రాయమైన రూప మొకటియుఁ గలవు. చిత్రము వ్రాయువానికి ఇడితాల్‌మార్ అని పేరు. తుదనున్న 'మార్' మనుష్యునిఁ జెప్పుపదమునకు అట్టి రూపమే. కుంభకారశబ్దమునందలి 'కార' వలె ఇవి ఒంటిగా నిలువవు. పాణిని సాధించిన లిపికరశబ్దమును ఇడితాల్‌మార్ శబ్దముచెంత నిలిపి చూచినచో రెండింటి నిర్మాణమును ఒక్కరీతిగనే తోఁచును. భాషాకుటుంబములు వేఱైనను వ్యాకరణమున కిట్టి యిష్టము కలదు.

'ఇడ్' అనఁగా వ్రాయుట కనుక అది లిపియే కదా యని యాక్షేపము రావచ్చును. పొరపాటంతయు ఈ చోటనే పుట్టినది. ధాతుపాఠము లిఖధాతువునకు అక్షరవిన్యాసమని యర్థము చెప్పినది నిజమే. కాని వేదమునందు దీని పూర్వరూపమైన 'రిఖ' గీఱుటను మాత్రమే తెలుపును. వైద్యశాస్త్రమున లేఖనకర్మ యనఁగా శస్త్రముతో గీఁకుట. ఉషాకన్యకు రాజకుమారుల రూపములను వ్రాసి చూపినది చిత్రలేఖ. ఆమె యక్షరములు వ్రాయలేదు. తెలుఁగునను వ్రాయు ధాతువు బొమ్మకును, అక్షరమునకును, నొసటివ్రాఁతకును సమానము. ఈజిప్టునందును అంతే. వ్రాయుటను, చిత్రించుటను 'సెష్' అను నొక్క మాటయే చెప్పును. రాజుల సమాధులను చిత్రించిన పనివారికి 'సెష్ కెదూత్', అనఁగా రేఖలు వ్రాయువాఁ డని బిరుదు. ఇన్ని భాషలు ఒక్క ధాతువుతో రెండుపనులను జెప్పుటచే చేతిపని యొక్కటి యని తేలునుగాని, ఫలము ఒక్కటి యని తేలదు. గీఁతనుండి యక్షరమునకుఁ బోవు త్రోవలో శబ్దము నిలిచియున్నది; దానిని దాఁటక పోరాదు.

షాంపోలియొఁ వేసిన లెక్కను సవరగోడమీఁద వేసి చూడుఁడు. అక్షరములైనచో పరిమితమైన చిహ్నములు మరల మరల రావలెను. వచ్చినప్పుడెల్ల ఒక్కధ్వనికే కట్టువడియుండవలెను. చదువుటకు మొదలును తుదయు నుండవలెను. ఇడితాల్‌నందు గుఱ్ఱమును ప్రక్కకు మార్చినను, రెండు గుఱ్ఱములకు నాలుగు చేసినను వాక్యము మాఱదు. మాఱుటకు వాక్యము లేదు. విమానము ఆకాశమునఁ గనఁబడిన మఱునాఁడే గోడమీఁదికి వచ్చెను. ఎవరికిని నేర్పవలసిన పనిలేదు. అక్షరమాలలోనికి క్రొత్తయక్షరము అట్లు రాఁగలదా? పూజారి యొక్కొక్క బొమ్మను జూపి మాటలాడుట చదువుట కాదా యని మఱియొక ప్రశ్న. ఆ మాటలు బొమ్మలో నిబద్ధములు కావు. పసుపుముద్దను జూపి గణాధిపతి యనినప్పుడు పసుపుముద్దను చదివితి మనము. ఇడితాల్ నిలువఁదగిన పంక్తి లిపులది కాదు, విగ్రహములది. దానిని జూచి 'ఏమని వ్రాసియున్నది' అని యడుగరాదు. 'ఎవరున్నారు' అని యడుగవలెను.

ఇంతమాత్రమున ఈజిప్టుతోడి పోలికయే లేదని నే ననను. ఉన్నది, మనవారు వెదకుచోట లేదు. ఈజిప్టు సమాధులలోని గోడచిత్రములు చూచువారికొఱకు వ్రాసినవి కావు. వ్రాసినపిమ్మట ద్వారము మూసివేసిరి. పొలము దున్నువారు, రొట్టె కాల్చువారు, వల వేయువారు, అందఱును మృతునికి పరలోకమున సేవచేయుటకై యున్నారు. గోడయందు తెఱచుకొనని రాతితలుపు నొకదానిని జెక్కి, దానియెదుట ఆహార ముంతురు. మృతుని ప్రాణశక్తి ఆ తలుపుగుండ వచ్చి గ్రహించునని నమ్మకము. ప్రతిమకు నోరు తెఱపించు తంతు కలదు. శిల్పిని జెప్పు పేళ్లలో నొకటికి బ్రతికించువాఁ డని యర్థము. సవరయింటి పిండిగీఁతకును, ఈజిప్టు సమాధిగోడకును చుట్టఱిక మిక్కడ. ఒకచో రాజులకు రాతితోఁ గట్టిన దానిని మఱియొకచో నిరుపేద వరిపిండితోఁ గట్టెను. పిండి రాలిపోవును గనుక పురావస్తుపరిశోధకులకు రెండవది కనఁబడలేదు.

ఈజిప్టువారు మఱియొక మెట్టు పోయిరి. వారి యక్షరములును బొమ్మలే యగుటచే వానియందును ప్రాణ మున్నదని భయపడిరి. పిరమిడులలోపల, శవముంచిన గదిలో వ్రాసిన మంత్రములయందు మనుష్యాక్షరములకు కాళ్లు వ్రాయలేదు. సింహమును సగము చేసి వ్రాసిరి. తరువాతి కాలపు శవపేటికలపై పామును నఱికినట్లు వ్రాసిరి. ధ్వని మాత్రము చెడదు, బొమ్మ లేచి మృతునికి కీడు చేయకుండును. ఆ లిపికి వారు పెట్టిన పేరు 'మెదు నెచెర్', దేవుని మాటలు. ఇట్టి లిపి, అనఁగా చదువఁబడునదియు పూజింపఁబడునదియు నగు లిపి, మన మన్యమున నున్నదా? ఉన్నది. కాని అది గోడమీఁది చిత్రము కాదు.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, అంతవఱకు చెన్నపురి రాజధానిలోనుండిన సవరదేశమును రెండుగాఁ జీల్చినది. గుణుపురము, పర్లాకిమిడి అటు పోయినవి. సీతంపేట ప్రాంత మిటు నిలిచినది. ఇటువారికి తెలుఁగక్షరములు, అటువారికి ఒరియా యక్షరములు, క్రైస్తవసంఘములవారికి రోమను అక్షరములు. అదే సంవత్సరమున గుణుపురప్రాంతమున మంగై గొమాంగో యను సవరపండితుఁడు సొరంగ్ సొంపెంగ్ అను లిపిని వెలువరించెను. ఆయన మామ మాలియా గొమాంగో సవరభాషకుఁ బ్రత్యేకలిపి కావలెనని పట్టుపట్టిన నాయకుఁడు. అల్లుఁడు తెలుఁగు, ఒరియా, ఆంగ్లము నేర్చినవాఁడు. తాను కల్పించితినని ఆయన చెప్పలేదు. దైవము చూపెనని చెప్పెను. అక్షరములు 24; హల్లులు 18, అచ్చులు 6. ఒక్కొక్క యక్షరమునకు సవరదేవత యొకఁ డధిష్ఠాత. ఆ దేవత పేరునందలి మొదటిధ్వనియే ఆ యక్షరపు ధ్వని. మాతార్‌బనోం అను నాశ్రమమున అక్షరబ్రహ్మమను పేర ఈ యక్షరములను పూజింతురు. బలులును, సారాయియు ఆ మతమువారికి నిషిద్ధములు.

వర్ణక్రమమును జూచుట కుతూహలకరము. సకార, తకార, బకారములతో మొదలగును; అచ్చులు తుదను వచ్చును. స్థానప్రయత్నములనుబట్టి వర్గములుగా నడచు మన వర్ణమాలను నేర్చినవాఁడై యుండియు మంగై దానిని అనుసరింపలేదు. వ్యాకరణదృష్టిచే ఇది వెనుకంజ యనవచ్చును. పరాయివారి క్రమము వలదను పంతముగాఁ జూచినచో నర్థమగును. అక్షరముల ఆకృతులయందు ఇడితాల్ పోలిక యేమియుఁ గానరాదు. అవి వేగముగా వ్రాయఁదగిన మెలికగీఁతలు. గోడమీఁది యేనుఁగును దెచ్చి అక్షరముగాఁ జేయుట ఆయనకు సుకరమే. చేయలేదు. సవరకు ఆ రెండింటి భేదము తెలియును.

దేవతపేరులోని మొదటిధ్వనిని గ్రహించు నీ పద్ధతికి ఈజిప్టుపొలిమేరనే పూర్వోదాహరణము కలదు. సీనాయి ద్వీపకల్పమున సెరాబిత్ అను గనులచెంత 1905లో పెట్రీ కొన్ని చిన్నశాసనములను గనుఁగొనెను. 1916లో గార్డినరు వానిని కొంతవఱకు చదివెను. అక్కడి సెమిటిక్ భాషీయులు ఈజిప్టు బొమ్మలను జూచి, ఇంటిబొమ్మను తమభాషలో 'బేత్' అనుకొని దానిని బకారముగాఁ జేసికొనిరి. దానినుండియే ఫినీషియను, గ్రీకు, రోమను అక్షరములు పుట్టినవి. వారు వస్తువుల పేళ్లతోఁ జేసినపనిని మంగై దేవతల పేళ్లతోఁ జేసెను. ఋషికుల్యాతీరమున జౌగడలో అశోకుఁడు ధర్మలిపిని వ్రాయించి రెండువేల రెండువందల యేండ్లు దాఁటినవి. అంతకాలము కొండక్రింద అక్షరముండియు సవరలు దానిని జేపట్టలేదు. అది యేలినవారిది, తమ దేవతలపేళ్లు గలది వచ్చినపుడు దానిని గుడిలోఁ బెట్టుకొనిరి.

ఇచట గిడుగు రామమూర్తి పంతులుగారిని దలఁపక తీఱదు. గ్రాంథికభాషావిషయమున మా పక్షమువారికి ఆయన ప్రతిపక్షి. సవరభాషావిషయమున మాత్రము ఆయనకు నమస్కరింపనివారు పండితులలో నుండరాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుఁడై యుండి, ఎవరును పంపకుండ సవరభాష నేర్చి, స్వంతద్రవ్యముతో పాఠశాలలు నడిపి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో సవర-ఆంగ్లనిఘంటువును బ్రకటించెను. ముఖలింగ శాసనముల ప్రాచీనలిపిని స్వయముగా నేర్చిన ఆయన చెవికి, సవరభాషయందలి కంఠరోధధ్వని తెలుఁగక్షరమున కందదని తెలిసెను. 2004 మొదలు ఆంధ్రరాష్ట్రప్రభుత్వము సవరబాలురకు వారి భాషలో, తెలుఁగులిపిలో పాఠ్యపుస్తకములు వ్రాయించుట మంచిదే. సొంపెంగ్ అక్షరములకు 2012లో యూనికోడు సంకేతములలో స్థానము దొరకినది. అంకెలతోఁ గూడ 35 గుఱుతులు. యంత్రముపై వ్రాయ వీలైనది. బడులలోఁ జేర్చుట వేఱు. ఒక్క భాష నాలుగు లిపులలోఁ జీలియుండఁగా ఏ సవర వ్రాసినది ఏ సవర చదువఁగలఁడు?

ఇడితాల్ సంగతి యింతకంటె చిక్కుగా నున్నది. పియర్స్ విటెబ్‌స్కీ 1975 మొదలుకొని సవరలయొద్ద నుండి, 2017లో వ్రాసిన గ్రంథమున, మృతులతో సంభాషించు ఆచారమును ఆ జాతిలోని యువకులు విడుచుచున్న తీరును వర్ణించెను. ఇల్లు మాఱినది, మతము మాఱినది, మట్టిగోడ పోయినది. చిత్రము మాత్రము కాగితముమీఁదికిని, గుడ్డమీఁదికిని, నగరములలోని గోడలమీఁదికిని వచ్చినది. వ్రాయువారికి దానివలన జీవనము జరుగుచున్నది; కాదనుటకు మన మెవరము? అయితే సంగ్రహాలయములవారును, సేకరించువారును క్రింద 'చిత్రలిపి' యని చీటి యంటించి, మనుష్యుఁడు, చెట్టు, సూర్యుఁడు అని పట్టిక వ్రాసి, చదివితిమని సంతోషించుచున్నారు. వ్రాసికొనవలసినవి యవి కావు. ఎవరికొఱకు వ్రాసిరి, కల యెవరికి వచ్చెను, ఏమి కోరెను, పిలిచిన పూజారి యేమని పిలిచెను, వచ్చినవాఁడు ఏమి చేర్పించెను, ఇవి కావలెను. ఎల్విను తాను చూచినవానిలోఁ బెక్కింటికి ఇట్టివి వ్రాసియుంచెను. ఆ విధులను ఎఱిఁగిన వృద్ధులు సీతంపేట కొండలలోను, గుణుపురపు కొండలలోను ఇప్పటికిని కొందఱున్నారు. వారిని అడుగుటకు సవరభాష రావలెను. దానికి 1931 నాఁటి వ్యాకరణము మనయొద్ద నున్నది.